గట్టు మీద లేచిన టెంకాయ

ఇల్లు సద్దుమణిగాక రాయడానికి కూర్చున్నాను గానీ, సాయంత్రం చూసిన ఒక చూపు కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. మా అమ్మాయికి పదేళ్ళు. స్కూలు వార్షికోత్సవంలో ఏదో కొరియా పాటకు గుంపు డాన్సు ఉందని కొన్నాళ్ళుగా అద్దం ముందు సాధన చేస్తోంది. ఈరోజు చూస్తే అడుగులు వేయడం లేదు, వట్టి నవ్వు సాధన చేస్తోంది. పెదవులు ఎంత విప్పాలో, కళ్ళు ఎంత చిట్లించాలో చూసుకుంటూ నవ్వి, చెరిపేసి, మళ్ళీ నవ్వుతోంది. ఆ దేశంలో పాటగాళ్ళకు ఇదీ నేర్పిస్తారట, కాలు బెణికినా నవ్వు చెదరకూడదట. కిందికి చూస్తే దాని మడమ మీద బొబ్బ చిట్లి సాక్సుకు అంటుకుని ఉంది. నొప్పిగా ఉంటే మానేస్తావా అని అడిగాను. ముందు నా మొహంలోకి చూసింది, నాకేం కావాలో అక్కడ వెతుక్కుంది, ఆ తర్వాత "లేదుమ్మా, బాగానే ఉంది" అంది.

కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు హైవే పొడుగునా మనకు చదవరాని అక్షరాల బోర్డులు వెలిశాయి. మా మేడ మీది వాటాలో కూడా ఒక కొరియా ఆవిడ ఉంటోంది. వచ్చీరాని మాటలతో మా పిల్లతో బాగా స్నేహం చేసింది. ఎదుటివాళ్ళు నోరు విప్పకముందే వాళ్ళ మనసు కనిపెట్టడాన్ని వాళ్ళ భాషలో 'నున్చి' అంటారట, అది మా అమ్మాయికి మెండుగా ఉందని ఒకరోజు మెచ్చుకుంది. పిల్ల పొంగిపోయింది. నాకు మాత్రం ఆ మెప్పు నచ్చలేదు. ఎందుకంటే ఆ విద్య, దాని పేరు తెలియకముందే, మా ఎర్రమట్టి చేలో నాకు వచ్చేసింది.

మా ఊరు గుత్తి దగ్గర. కోటకొండ దూరంగా కనిపించేది గానీ మేఘం మాత్రం కనిపించేది కాదు. తొంభైల చివర్లో వరసగా శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది, మా నాయన, చిన్నాయన కలిసి ఒక బోరు వేయించాలనుకున్నారు. అన్నదమ్ములు అప్పటికే వేరుపడ్డారు, చేను మధ్యన గట్టు పడింది, అయినా ఒక్కరితో అయ్యే పని కాదు గనక కలిశారు. నీళ్ళు పడకపోతే నాయన బెంగుళూరికి కూలికి పోతాడని ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ అమ్మ ఆయన చొక్కాలకు ఊడిన గుండీలన్నీ ఒకేసారి కుట్టడం చూసి నాకు తెలిసిపోయింది.

నీళ్ళు చూసే మనిషి కణేకల్ వైపు నుంచి వచ్చాడు. మా ఈడు వాళ్ళకు ఆ తంతు గుర్తుండే ఉంటుంది. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడవాలి, నీళ్ళున్న చోట అది నిక్కి నిలబడుతుంది. ఆయన ఇంట్లో అందరి చేతుల్లోనూ పెట్టి చూశాడు. నా చేతిలో కొంచెం కదిలినట్టుంది.

"ఈ పాప చేతిలో గంగమ్మ పలుకుతాది, ఈయమ్మినే నడిపించప్పా" అన్నాడు.

అలా అయిదో తరగతి పిల్లనైన నేను ముందు, పెద్దవాళ్ళంతా నా వెనక, చెప్పుల్లేకుండా నడిచాం. చిన్నాయన చేలోకి వెళ్ళగానే ఆయన ఊపిరి బిగబట్టాడు. ఊరికి పోయొచ్చినప్పుడల్లా జేబులో నాకోసం బెల్లం మిఠాయి తెచ్చే చిన్నాయన. మా చేలోకి తిరగ్గానే నాయన కళ్ళు నా చేతి మీద కాదు, నా మొహం మీద నిలిచాయి. ఎవరి చేలో నీళ్ళు పడితే మోటారు వాళ్ళది, రెండోవాళ్ళు అడుక్కోవాలి. అది నాకు తెలుసు, అందరికీ తెలుసు. నడుస్తూ నడుస్తూ గట్టు ఎక్కాను. అక్కడ టెంకాయ లేచింది.

నేను అబద్ధమాడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ బరువు అరచేతిలో కదిలిన సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. అది భూమిలోని నీళ్ళకు లేచిందో, వెనక ఉన్న రెండు మొహాలకు లేచిందో మాత్రం తెలియదు. ఆ క్షణంలో నాకు ఆ రెండూ వేరుగా లేవు. చిన్నాయన పెద్దగా నవ్వి, "చూస్తివా అన్నా, మన పాప లాయరై పుట్టల్సింది, ఇద్దరికీ సగం సగం పంచింది" అన్నాడు. నాయన నా తలమీద చెయ్యి వేశాడు. అంత సంతోషం ఆ చేతిలో మళ్ళీ నేను ఎరగను.

బోరు లారీ వచ్చింది. మధ్యలో ఒకసారి తడిమట్టి పైకి వస్తే అందరూ అరిచారు, ఆ తర్వాత తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. మా తలలు, కనురెప్పలు, గట్టు మీది గడ్డి అన్నీ తెల్లబడ్డాయి. మిషను ఆపేశాక ఆ నిశ్శబ్దంలో నీళ్ళు చూసే మనిషి మెల్లిగా, "గట్టు మీద లేచినప్పుడే నాకు అనుమానంగా ఉండెనప్పా" అన్నాడు.

మా అవ్వ ఊరుకునే మనిషి కాదు. "ఉంటే అప్పుడే చెప్పల్ల గదప్పా! నోట్లో టెంకాయ ముక్క ఉండెనా?" అంది. ఆ దుమ్ములో కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాయన నా కనురెప్పల మీది పిండి తుడుస్తూ, "బూమిలోనే లేకపోతే నువ్వేం జేస్తావు పాపా" అన్నాడు, చిన్నాయన వైపు చూడకుండా. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆ వారమే ఆయన గుండీలు కుట్టిన చొక్కాలు తీసుకుని గుత్తిలో రైలెక్కాడు. ఆ తర్వాత మాకు నాయన అంటే పండక్కి వచ్చి, సిమెంటు వాసన వేసే చేతులతో రెండు రోజులుండి వెళ్ళే మనిషి.

అప్పటి నుంచి నేను ఊళ్ళో అందరికీ మంచిపిల్లనయ్యాను. అమ్మ మొహం ముడుచుకోకముందే బిందె తీసుకుని ట్యాంకరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో టీవీ రిమోటు నా చేతికే ఇచ్చేవాళ్ళు, ఎవరేమడిగితే అది పెడతాను గనక. ఆ రోజుల్లో హిందీలో డబ్బింగు చేసిన ఒక కొరియా సీరియల్ వచ్చేది. రాజుగారి అంతఃపురంలో తల వంచుకుని, కళ్ళెత్తకుండానే అందరి మొహాలూ చదివే దాసీపిల్లలు. నాకు వాళ్ళను చూస్తే మా ఇంటి వాళ్ళను చూసినట్టుండేది. రూములో వాళ్ళు "ఏందే ఈ బొమ్మలు, మార్చే" అనగానే నవ్వుతూ మార్చేసేదాన్ని. అది నాకు ఇష్టమని ఏ ఒక్కరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు నాకూ చెప్పుకోవడం మానేశాను. పెళ్ళయ్యాక అత్తగారు కాఫీనా టీనా అనడిగితే ఇప్పటికీ ఏదైనా సరే అంటాను. అది మర్యాద కాదు. నిజంగానే నాకు తెలియదు.

మేడ మీది ఆవిడ కొత్త సంవత్సరానికి ఇచ్చిన క్యాలెండరు మా హాల్లో వేలాడుతోంది. ఈ నెల బొమ్మ ఒక పెద్ద తెల్లటి కుండ. దాన్ని రెండు సగాలుగా చేసి నడుము దగ్గర అతికిస్తారట, అతుకు దగ్గర కొంచెం ఒరిగినా సరిచేయరట, వాళ్ళ దేశంలో పాతకాలపు గొప్ప కళల్లో అదొకటట. ఇంత వంకర కుండను మన కుమ్మరి పక్కన పడేస్తాడని మొదట అనుకున్నాను. ఇప్పుడు దాన్ని దాటి వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను.

ఈ సాయంత్రం పిల్ల కాలికి మందు రాసి, మళ్ళీ అడిగాను. ఈసారి దాని వైపు తిరగలేదు. నా మొహం దానికి కనపడకుండా ఆ కుండ వైపు తిప్పి కూర్చున్నాను. నీకు ఆ డాన్సు చేయాలని ఉందా లేదా, అంతే అడిగాను. నా మొహంలో ఏముందోనని అది ముందుకు వంగడం తెలుస్తూనే ఉంది, నేను కదల్లేదు. చివరికి చిన్న గొంతుతో, "తెలీదమ్మా" అంది.

ఆ ఒక్క మాట ఆనాడు గట్టు ఎక్కకముందు నాకు ఎందుకు రాలేదో. వచ్చినా వినేందుకు ఎవరైనా మొహం తిప్పుకుని ఉండేవారా?

మా వైపు ఇప్పుడు నీళ్ళు చూడటానికి మిషన్లు వచ్చాయి. వాటికి వెనక ఎవరు నిలబడ్డారో తెలియదు, ఎవరి కళ్ళలో ఏముందో పట్టదు. మొన్న ఊరికి పోతే ఆ గట్టు అలాగే ఉంది, బోరు గుంత మీద బండరాయి పెట్టారు. రాయి పక్కనున్న సందులోంచి మా అమ్మాయి ఒక గులకరాయి జారవిడిచి, చెవి ఆనించి వింది. ఏం వినపడిందే అంటే, అప్పుడు కూడా ముందు నా మొహంలోకే చూసింది.