కప్పితే బూజు, విప్పితే తడి

ఈ పొద్దున కమ్మర్‌పల్లిలో మా అన్న కళ్లంలో పసుపు మీద కప్పిన టార్పాలిన్ పరదా ఎత్తగానే గుప్పుమన్నది పసుపు వాసన కాదు, పసుపు కుళ్లిన వాసన. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. పుట్టింటి పంటకు ముక్కు మూసుకున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

మా చిన్నతనంలో ఎండలు ముదరకముందు ఊరంతా పసుపు వాసనతోనే నిద్ర లేచేది. బాపు పెద్ద కడాయిలో కొమ్ములు ఉడకబెడుతుంటే, అవ్వ పొయ్యిలోకి ఎండుటాకు తోస్తుంటే, మేము ఆ నిప్పుల్లో గెనుసుగడ్డలు కాల్చుకుని, ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ, మూతులు నల్లగా చేసుకుని తినేవాళ్లం. ఉడికిన పసుపును కళ్లంలో పరిచాక కాళ్లతో తిరగేయడం పిల్లల పని కాబట్టి, కామునిపున్నమికి మోదుగుపూల రంగు మీద పడకముందే మా అరికాళ్లు పచ్చగా పండి ఉండేవి. ఎండేదాకా పసుపు రేయింబవళ్లు ఆకాశం కిందే. పరదా అనే వస్తువు మా ఇంట్లో లేనేలేదు. ఎప్పుడైనా ఇంత మబ్బు చూసి నేను బెదిరితే బాపు నవ్వేవాడు.

"ఏం గాదు బిడ్డా. మొగులు దిక్కు మిరుగానికి సూస్తం గని, గిప్పుడు దానికేం పని?"

మిరుగం అంటే మృగశిర కార్తె, మాకు వానలు మొదలయ్యే వేళ.

ఇప్పుడు మొగులుకు వేళాపాళా ఎక్కడిది? కాలం మారిందని అన్నకు ఒకరు చెప్పనక్కర్లేదు, అతను చెయ్యని ఉపాయమూ లేదు. తొందరగా చేతికొచ్చే రకం వేశాడు, నీళ్లు నిలవకుండా బోదెలు ఎత్తు చేశాడు, డ్రిప్పు పెట్టాడు, లేస్తూనే ఫోనులో వాన కబురు చూస్తాడు. ఈసారి ఆ కబురు నమ్మే, ఉడికిన పసుపును ఆరకముందే కప్పేశాడు. వాన వదలలేదు, పరదా తీసే వీల్లేకపోయింది, లోపల చెమట పట్టి కొమ్ములన్నీ బూజెక్కాయి. కప్పితే బూజు, విప్పితే తడి. ఏం చేసి చావాలి మనిషి?

అన్న కాసేపు ఆ కుప్ప ముందు కూర్చుని లేచాడు. మళ్లీ నాటడానికని షెడ్డులో పసుపాకు కప్పి దాచిన విత్తనపు దుంపలను తట్టకెత్తి, పసుపు ఉడికించే బాయిలర్ వైపు నడిచాడు. వదిన ఉరికిపోయి తట్ట పట్టుకుంది.

"ఇత్తునం ఉడుకవెడ్తరా ఎవలన్న? గదొక్కటి ఉండనియ్యి."

"ఇయ్యన్న ఎండితె అమ్ముకుందం. ఏ మొగులును నమ్మి నాటుమంటవ్, సెప్పు?"

 వదిన చేతులు తీసేసింది.

తాత కాలం నుంచి ఏటా మా చేన్లోనే మొలిచి, మా చేతుల్లోంచే మళ్లీ మట్టిలోకి పోయిన విత్తనం అది. ఉడికిన దుంప ఇక మొలవదు. అది తెలిసే అన్న బాయిలర్ మూత బిగించాడు.