హుసేన్ సాయిబు పెట్టె

డోన్‌లో కాపురం పెట్టిన కొత్తలో మావారు వేలంలో ఒక పాత ప్రయాణపు పెట్టె కొన్నారు. తాళంచెవి లేకపోవడంతో మూత తెరిచే ఉంచేవాళ్ళం. అది లండన్ సరుకని ఆయన వాదన. ఏటేటా దసరాకు ఎవరో పూసిన పసుపుకుంకుమలు గట్టిపడి, ముందున్న ఇత్తడి రేకు మూసుకుపోయింది.

ఒక మధ్యాహ్నం చింతపండుతో రుద్దితే అక్షరాలు తేలాయి: 'హుసేన్ సాయిబు, కడప.' సంబరం పట్టలేక, అత్తయ్యకు చెప్పాలని వంటింట్లోకి పరుగెత్తాను. పెట్టె చేసిందెవరో చెబుతుండగానే వెనక దభీమని మూత పడింది. రెండేళ్ళ మా పాప పెట్టెలోకి ఎక్కింది! తాళం దానంతటదే బిగుసుకుంది. లోపలినుంచి ఏడుపు. మావారు గడ్డపార ఎత్తారు.

"ఆగప్పా, బిడ్డకు తగులుతాది!" అని అత్తయ్య అరిచారు. "ఎవురు చేసిందంటివి, పద్మా?"

"హుసేన్ సాయిబు!"

"నా పెండ్లి పెట్టె గూడా ఆయప్ప చేసిందే. అన్నిటికీ ఒకటే చెవి పెడతాండె."

బొడ్డున దోపుకున్న తాళంచెవి తీసి తిప్పారు. మూత లేచింది. చెమటతో తడిసిన పాపను గుండెలకు హత్తుకున్నాను.

"నా పెండ్లయిన మరుసటేడే ఆయప్ప అంగడి మూసేసినాడు. ఇది ముప్పై ఏండ్లకు తక్కువుండదు" అన్నారు అత్తయ్య.

"అయితే లండన్‌ది కాదన్నమాట" అని మావారు గొణిగారు.

"లండన్‌దయింటే చెవి కోసరం ఓడెక్కల్సి వచ్చుండు గదప్పా!"

మర్నాడే ఆ తాళం ఊడదీయించాను. రేకు మాత్రం ఉంది. దసరాకు ఇప్పుడు పసుపు నేనే పూస్తాను, పేరు మీద పడకుండా.