పెట్టకూడనివాటిలో గంబో

ఆసుపత్రి ఆహార కమిటీకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2009లో నేను అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డుకు సీనియర్ డైటీషియన్‌ని. డాక్టరు రాసిన పథ్యాన్ని రోగి తినగలిగే భోజనంగా మార్చడం మా పని. ఆ కమిటీ రాసిన మా నియమావళిలో 'పెట్టకూడనివి' అనే పట్టిక ఉండేది. అక్కడివాళ్లు ప్రాణం పెట్టే గంబో అందులో మొదటి వరుసలో ఉండేది. పిండిని నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించి, ఉల్లి, సెలరీ, క్యాప్సికం, కోడిమాంసం, సాసేజ్ అనే ఉప్పు మాంసం వేసి ఉడికించే చిక్కటి పులుసు అది. అన్నంలో పోసుకుని తింటారు.

వార్డులో ఆంట్వాన్ అనే పెద్దాయన మూడు రోజులుగా పళ్లెం ముట్టలేదు. ముక్కులో ట్యూబు వేసి ఆహారం పోస్తామన్నారు డాక్టరు.

"అందులో గంబో పోస్తారా? లేదంటే నా జోలికి రాకండి" అన్నాడాయన.

డాక్టరును రెండు రోజుల గడువు అడిగాను. ఇచ్చారు.

గుండె రోగికి చెరుపు చేసే ఉప్పంతా సాసేజ్‌లోనూ, డబ్బాలో అమ్మే మాంసపు రసం స్టాక్‌లోనూ, మసాలా పొడిలోనూ ఉంది. అవి మూడూ మానేసి ఎముకలతో ఉప్పు లేని స్టాక్ కాచాం. వంటశాల పెద్ద మిస్ ఒడీల్ పిండిని నూనె లేకుండా ఓవెన్‌లో వేయించింది. రంగు వచ్చింది, వాసన వచ్చింది, పులుసు మాత్రం పలచగా ఉంది. బెండకాయలు వేద్దామంది. నేను మన ఇళ్లలో చేసినట్టే ముక్కలను జిగురు పోయేదాకా వేయించి తెచ్చాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నవ్వింది.

"బేబీ, నాకు కావలసిందే పారేశావు! మీ కాలేజీలో ఇదేనా నేర్పింది?"

మళ్లీ పచ్చివి తరిగింది. ఆ జిగురుకు పులుసు చిక్కబడింది. పైగా గుండెకు మేలు చేసే పీచు.

ఆంట్వాన్ ఒక చెంచా తిన్నాడు. "మా అమ్మయితే దీన్ని గంబో అనదు" అన్నాడు. గిన్నె ఖాళీ చేశాడు. మర్నాడు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. ట్యూబు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా ఉద్యోగంలో నేను అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు.

నేను రాసిన నివేదికను కమిటీకి పంపుతూ మా చీఫ్ డైటీషియన్ అందులోంచి మిస్ ఒడీల్ పేరు కొట్టేసింది. వంటవాళ్ల పేర్లు నివేదికల్లో ఉండవట. గంబో కూడా పట్టికలోంచి కదలలేదు.

ఒక వంటకాన్ని నిషేధించే ముందు అందులో చెరుపు చేసేదేదో విడదీసి చూడాలి, దాన్ని వండేవాళ్లను అడగాలి. నేను నేర్చుకున్నది ఇదే.

కమిటీవారూ, ఆ రోజు వండిన గిన్నెలో ఏ పదార్థం రోగికి హాని చేస్తుందో పేరు చెప్పండి. కింద సంతకం పెట్టి చెప్పండి.