చంద్రికలో లాటిన్ చీటీలు

దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు పెంచుకునే మా లాటిన్ మేష్ట్రు నన్ను ఒక్కసారి కూడా కసరలేదు. అయినా ఆయన అరచేయి చాచితే వచ్చిన మాట కూడా మరిచిపోయేదాన్ని.

పాత రోమన్ చరిత్రలను మూలంలోనే చదవాలన్న పిచ్చితో ప్రతి ఆదివారం చింతామణిలో బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని. పాదిరీలను తయారుచేసే బడిలో చదివి, పాదిరీ కాకుండానే ఇంటికొచ్చేసిన మనిషి ఆయన. పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికలో నేను నేర్చుకోవాల్సిన మాటల చీటీలు గుచ్చేవారు. ఒక చీటీ తీసి అరచేతిలో పెట్టుకుని, కదలకుండా నా ముఖంలోకి చూసేవారు. అర్థం చెప్పలేకపోతే, "పురుగు ఇంకా గూడు కట్టలేదమ్మా" అని మళ్లీ అక్కడే గుచ్చేవారు. వచ్చిన మాటలు బుట్టలో పడేవి.

ఒక ఆదివారం "పోర్టుస్" వచ్చింది. రేవు అని నాకు తెలుసు. భయంలో "పోర్టా" అనుకుని "తలుపు" అనేశాను. మేష్ట్రు తలాడించి చీటీని బుట్టలో వేశారు.

"తప్పు చెప్తి కదా మేష్ట్రే?" అన్నాను.

ఆయన బుట్టకేసి చూశారు. "ఎన్ని దినాల నుంచి మాటలిట్ల మర్చిపోతాండానో తెలీదమ్మా. ఈ పొద్దు నువ్వడుగు, నేను చెప్తా."

బుట్టలో వెతికి వెతికి అన్నిటికన్నా సులువైన చీటీ తీశాను. మొదటి రోజు ఆయన నేర్పిన "ఆక్వా". నీళ్లు. అరచేతిలో పెట్టి చాచాను.

ఇన్నాళ్లూ నేను ఆయన్ని చూసినట్టే, బెదురుగా నా ముఖంలోకి చూశారు. ఆయన నోరు తెరవకముందే చీటీని బుట్టలో వేసేశాను.