చీటీ లేని రోగులం

మొన్న బీపీ మాత్రల కోసం చిత్తూరులో ఒక ఆసుపత్రికి పోతే, నా చేతికి పట్టీ చుట్టిన నర్సమ్మ, నేనూ ఒకప్పుడు నర్సునేనని తెలిసేసరికి, నన్ను వరండాలోకి పిలిచి, రొమ్ములో గడ్డలాంటిది తగులుతున్నదనీ, ఈ మధ్య ముట్టు సరిగ్గా రావడం లేదు కాబట్టి దానివల్లేనేమో చెప్పమనీ అడిగింది. ఓపీ చీటీ రాయించావా అంటే, "ఈడ పనిచేసేదాన్ని, నాకు చీటీ ఎందుకమ్మా" అన్నది. అంతే, నలుగురూ తిరిగి చూసేలా ఆ పిల్లను కేకలేశాను. చెయ్యి పట్టుకొని పోయి చీటీ రాయించి, డాక్టరమ్మ చూసి పరీక్షలకు రాసిచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఇంటికొచ్చినా కోపం చల్లారలేదు. ఆ కోపం ఆ పిల్ల మీద కాదు.

మా ఆయన అక్క, నాకు వదిన, నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆడవాళ్ళ వార్డుకు పెద్ద సిస్టరు. నాకు పని నేర్పిందీ ఆమే, నా పని చూసి ముచ్చటపడి తమ్ముడికి అడిగిందీ ఆమే. నగరి వైపు మగ్గాల వీధులకు క్యాంపులకు పోయినప్పుడు, సిగ్గుతో కొంగు కప్పుకొని ముడుచుకునే ఆడవాళ్ళను నవ్వించి, రొమ్ములో గడ్డలున్నాయేమో ఎవరికి వారు ఎలా తడిమి చూసుకోవాలో నేర్పేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మాత్రం, ఇన్నాళ్ళూ యాడికి పోయినావని కడిగేసేది. ఇంత తెలిసిన మా అందరికీ ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది. మాకు జబ్బు చేస్తే వరసలో నిలబడం, చీటీ రాయించం. రౌండ్సు ముగించి డాక్టరు చేతులు కడుక్కుంటుంటే, తువ్వాలు అందిస్తూ నిలబడే ఒక మాట అడిగేస్తాం, ఆయన చెప్పిన మాత్రలేవో మింగి పనిలో పడిపోతాం. అదొక గొప్ప మాకు.

ముట్టు నిలిచిన రెండేళ్ళకు వదినకు గడ్డ తగిలింది. ఆమె కూడా అలాగే అడిగింది, డాక్టరు కూడా అలాగే చేతులు తుడుచుకుంటూ, ఈ వయసులో ఇవన్నీ మామూలే సిస్టర్ అని వెళ్ళిపోయాడు. కనీసం ఆమె వైపు తిరిగి చూడలేదు. ఆ మహానుభావుణ్ణి తిట్టుకోని రోజు లేదు గానీ, నన్ను నేను ఏమని తిట్టుకోను? అన్నం తినేటప్పుడు వదిన నాకూ చెప్పింది. ముట్టు నిలిచాక కొత్తగా గడ్డ కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదని ఊరూరా తిరిగి చెప్పిన ఈ నోటితోనే, ఒంట్లో వేడి, కీళ్ళ నొప్పులు, చిరాకు, అన్నింటినీ 'ఈ వయసులో మామూలే' అన్న ఒక్క మాట కింద తోసేసినట్టే దీన్నీ తోసేసి, ఇంకొంచెం చారు పోసుకో వదినా అన్నాను.

ఒక రోగిని మంచం మీదికి ఎత్తబోతుంటే వదిన చెయ్యి పైకి లేవలేదు. చంకలోనూ వాపు. అప్పటికి ఏడాది గడిచిపోయింది. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, వివరాలు రాసుకునే పిల్ల ఎన్నాళ్ళుగా ఉండాదని అడిగితే, నేను సిగ్గుతో రెండు మూడు నెలలని అబద్ధం చెప్పబోయాను. వదిన నా చెయ్యి నొక్కి ఆపింది. "ఏడాదని రాయి మే. మేమిద్దరం నర్సులమేనని గూడా రాయి" అన్నది.

ఆ తర్వాత ఆమె ఎక్కువ నెలలు బతకలేదు. చావుకు వచ్చిన ఆ డాక్టరు, "ఒక్కరోజు కూడా సెలవు పెట్టని మనిషి, పాపం తన గురించి తాను పట్టించుకోలేదు" అని నలుగురిలో అన్నాడు. "ఆమె అడిగింది సార్, మీరే చూడలేదు" అనాల్సినదాన్ని, లోపలికి పోయి ఆయనకు కాఫీ కలుపుకొని వచ్చి ఇచ్చాను. ఆ కాఫీ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు వార్డుల్లో కొత్త మిషన్లు వచ్చాయి, చీటీలు ఫోన్లోనే రాయించుకోవచ్చు. మనుషుల మధ్య ఆ దగ్గరితనమే లేదని నా ఈడు నర్సమ్మలు కలిసినప్పుడల్లా నిట్టూరుస్తుంటారు. నిజమే, ఒకరి క్యారియరులోది ఒకరం తిన్నాం, ఒకరి పురుళ్ళు ఒకరం పోశాం, ఆ రోజులు నాకూ గుర్తొస్తాయి. కానీ ఆ మాట వచ్చినప్పుడు నేను వాళ్ళతో కలిసి నిట్టూర్చలేను. మా వదిన ఏ మగ్గాల వీధి నుంచో వచ్చిన ముక్కూమొగం తెలియని మనిషి అయ్యుంటే, ఆమెను ఆ రోజే డాక్టరు ముందు పడుకోబెట్టి ఉండేదాన్ని.