పసుపు గీతలు దాచిన రోజు

నా మొదటి ఉద్యోగం విశాఖ సీతమ్మధారలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. జావాలో ప్రోగ్రాం రాయడం అప్పుడప్పుడే నేర్చుకున్నాను. అచ్యుతాపురంలోని ఒక ఫ్యాక్టరీ కోసం మా సార్ ప్రోగ్రాం రాశారు. కార్మికుడు తన స్టాపు పేరు కొడితే ఏ బస్సు ఎక్కాలో అది చెప్పాలి. దాన్ని పరీక్షించే పని నాది. ఫ్యాక్టరీవాళ్ల ముందు డెమో బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

ప్రోగ్రాం తెరవగానే, స్టాపు పేర్లు పోల్చే లైను కింద పసుపు గీత కనబడింది. వార్నింగ్. ఎరుపు గీతైతే ప్రోగ్రాం అసలు నడవదు, పసుపైతే నడుస్తుంది గానీ ఎక్కడో తేడా ఉన్నట్టు. అలాంటిది కనబడితే అంతు తేల్చేదాకా నాకు అన్నం సయించదు. రెండు పేర్లలో అక్షరాలు ఒకటేనా అని చూడాల్సింది పోయి, కంప్యూటర్లో రెండూ ఒకే చోట ఉన్నాయా అని చూస్తోందట ఆ లైను. పేర్లన్నీ ప్రోగ్రాంలోనే రాసిపెట్టుకుంటే బాగానే నడుస్తుంది. బయటివాళ్లు కీబోర్డు మీద కొడితే తెల్లమొహం వేస్తుంది. వెళ్లి సార్‌కి చెప్పాను.

"పసుపే కదమ్మా, శుభం. ఎరుపొస్తే సెప్పు. నాను ఎప్పట్నుంచో ఇలాగే రాత్తన్నాను."

విశాఖలో సిగ్నల్ దగ్గర పసుపు లైటు పడితే ఆగేదెవరు? ఇంకాస్త గట్టిగా తొక్కుతారు. ఆఫీసులోనూ అదే న్యాయం. డెమో రోజు పొద్దున్నే సార్ లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, చివరగా సెట్టింగుల్లోకి వెళ్లి వార్నింగులేవీ కనబడకుండా చేశారు. స్క్రీను కడిగిన ముత్యంలా ఉంది. నాకు ఒళ్లు మండింది. ట్రైనీకి ఒళ్లు మండితే ఎవరికి లెక్క?

సార్ ముందే రాసిపెట్టుకున్న పేర్లకు బస్సులన్నీ చకచకా వచ్చాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దాయన ముచ్చటపడి, తన స్టాపు పేరు తానే కొట్టారు. ఈ స్టాపుకు బస్సు లేదు అని వచ్చింది.

"ఏటండీ, నాను రోజూ అక్కడే ఎక్కుతన్నాను గదా," అన్నారాయన.

"నెట్ స్లోగా ఉందండీ," అన్నారు సార్. ఆ ప్రోగ్రాంకి నెట్‌తో పనే లేదు.

నా ఉద్యోగం నా కళ్ల ముందే పోతోంది. ఉండబట్టలేక లాప్‌టాప్ నావైపు తిప్పుకున్నాను. "నెట్ కాదండీ, ఈ లైను తప్పు. ఇప్పుడే మార్చేస్తాను," అని మార్చాను. ఆయన మళ్లీ కొట్టారు. ఈసారి బస్సు నంబరు వచ్చింది. పెద్దాయన నవ్వి, ప్రోగ్రాం తీసుకుంటామన్నారు. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను.

సాయంత్రం సార్ పిలిచారు. "పని బాగానే సేత్తావమ్మా. గానీ బయటోళ్ల ముందు మన తప్పు మనమే సెప్పుకుంటామేటి? రేపట్నుంచి రాకు."

బస్టాపులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. ఆ ప్రోగ్రాం ఆ ఫ్యాక్టరీలో ఇప్పటికీ నడుస్తోందట. దిద్దినదాన్ని నన్ను పంపేశారు గానీ, దిద్దిన లైను మాత్రం ఉంచుకున్నారు.