ఎవరూ కట్ చెప్పలేదు

2022 చలికాలం. ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఆపరేషన్ అయిన మోకాళ్లను, బిగుసుకుపోయిన భుజాలను బతిమాలో బెదిరించో దారికి తేవాలి. బతిమాలడం నాకంతగా చేతకాదు. మధురానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా బెదిరింపులతోనే నెట్టుకొచ్చాను.

ఫిల్మ్‌నగర్ బస్తీలో, మెట్ల సందు పైన యాదమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. గాయం మానింది, మోకాలు చక్కగా వంగుతోంది. అయినా వాకర్ వదలదు. వాకర్ అంటే పట్టుకుని నడిచే నాలుగు కాళ్ల చట్రం. అది మెట్లు దిగదు కాబట్టి యాదమ్మా దిగదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఇక జన్మంతా దానితోనే అని డాక్టరు నాతో అన్నాడు. సందు దిగలేని మనిషిని షూటింగుకు ఎవరు పిలుస్తారు?

గెయిట్ ట్రైనింగ్, అంటే నడకను మళ్లీ నేర్పించడం, నాలుగ్గోడల మధ్య అయ్యే పని కాదు. ఒకరోజు పొద్దున్నే పక్కింటావిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని యాదమ్మను కిందికి దించాం. చేతికర్ర ఇచ్చి, ఆటో ఎక్కించి జూబ్లీహిల్స్‌లోని పార్కుకు తీసుకెళ్లాను.

"ఈ పార్కుల నేను శానాసార్లు నడిచిన మేడం," అంది దిగుతూ. అమ్మయ్య, అలవాటైన చోటే అనుకున్నాను.

మంచు దట్టంగా ఉంది. కొండరాళ్ల మీంచి నెమ్మదిగా జారుతోంది. ఎక్కడో నెమలి అరిచింది, కనబడలేదు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆ తెల్లదనంలోంచి వచ్చి మళ్లీ అందులోకే వెళ్లిపోతున్నారు. యాదమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది.

"గింత పొగ ఎవరేసిండ్రు?"

"పొగ కాదమ్మా, మంచు. నడవండి."

నడవదే! గట్టిగా చెబితే నాలుగడుగులు వేసింది, అవీ కాలినే చూసుకుంటూ, కుంటుతూ. నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడ చాలాసార్లు నడిచానన్నారుగా?"

"షూటింగుల, మేడం. పాసింగ్."

పాసింగ్ అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. హీరో హీరోయిన్లు బెంచీ మీద మాట్లాడుకుంటుంటే, వెనకాల వాకింగ్‌కు వచ్చినవాళ్లలా నడిచిపోవడం. బూట్లు వాళ్లే ఇస్తారు, సాయంత్రం తీసేసుకుంటారు. నడుస్తున్నంతసేపూ ఎవరివైపూ చూడకూడదు, కెమెరావైపు అసలే చూడకూడదు.

విసుగు పట్టలేక అనేశాను. "సరే అయితే. యాక్షన్."

కర్ర నా చేతిలో పెట్టి యాదమ్మ నడిచింది. వీపు నిటారుగా, చేతులు తేలిగ్గా ఊపుతూ. కుంటు ఏమైపోయిందో! నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే వేపచెట్టు దాకా వెళ్లి, గిర్రున తిరిగి వచ్చేసింది.

"ఇంకా ముందుకు వెళ్లొచ్చుగా?"

"కెమెరా ఫ్రేమ్ ఆడికే గద."

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. యాక్షన్ అంటే నడక, అనకపోతే కుంటు. చెట్టు దగ్గరికి రాగానే వెనక్కి. ఓసారి ఎదురొచ్చిన పెద్దాయన నమస్తే అనేసరికి తడబడి ఆగిపోయింది. "నా దిక్కు చూసిండు మేడం, షాట్ ఖరాబైంది," అని బాధపడింది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. జీవితాంతం వెంట ఉండి యాక్షన్ చెప్పలేను కదా.

"ఆ చెట్టు దాటితే ఏముందో ఎప్పుడన్నా చూశారా?" అని అడిగాను.

"లేదు. ఆడ నాకేం పని?"

ఇన్నేళ్లు ఆ పార్కులో నడిచిన మనిషి పార్కునే చూడలేదు.

మర్నాడు యాక్షన్ చెప్పి బెంచీ మీద కూర్చున్నాను. చెట్టు దగ్గర యాదమ్మ ఆగింది. ఎన్నడూ లేనిది, తల తిప్పి సూటిగా నావైపు చూసింది. నేను కావాలనే వంగి, బాగానే ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను. తలెత్తేసరికి దారి మీద మంచు తప్ప ఎవరూ లేరు.

అటువైపు రాళ్ల దారి, తడిసి ఉంటుంది. పడితే? చెట్టు దాటి పరిగెత్తాను. ఓ మలుపు, ఇంకో మలుపు, ఎక్కడా లేదు. పేరు పెట్టి పిలిస్తే నెమలి పలికింది. రొప్పుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చేసరికి, రెండోవైపు దారిలోంచి వస్తోంది యాదమ్మ. కాస్త కుంటుతూనే. కాలివైపు మాత్రం చూడటం లేదు, చెట్లవైపు చూస్తోంది.

"ఎక్కడికెళ్లారమ్మా? ప్రాణం పోయింది నాకు."

"ఎవ్వలు కట్ చెప్పలే గద బిడ్డా. పోయిన." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఆడ నీళ్లున్నయి. ఒక నీలం పిట్ట ఉన్నది. నేను చూస్తే అది సుత నా దిక్కు చూసింది."

తిట్టాలనుకున్నదాన్ని కళ్లు తుడుచుకున్నాను.

అప్పటినుంచి కొత్త పేషెంటు దగ్గరికి వెళితే, నొప్పి ఎక్కడ అని అడిగాక, ఇదివరకు ఎక్కడిదాకా నడిచేవారని కూడా అడుగుతున్నాను. చాలామందికి ఎక్కడో ఓ వేపచెట్టు ఉంటుంది. కాలికి బలం ఇవ్వడం నాకు వచ్చు. చెట్టు దాటాల్సింది మాత్రం వాళ్లే. అప్పుడు కాసేపు అటు చూడకుండా ఉండటం కూడా నా పనేనని యాదమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

వాకర్ ఇప్పుడు వాళ్లింట్లో తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. ఈమధ్య షూటింగులకు పిలిచే ఏజెంటు ఫోన్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పార్కు సీనట, పాసింగ్ కావాలట.

"బజారు సీనుంటే పిలువు, పెండ్లి సీనుంటే పిలువు, వస్త. పార్కుకైతే రాను," అంది యాదమ్మ. "ఆడ నేను ఊకెనే నడుస్త."